గుర్రం దవడలో కణితి: శస్త్రచికిత్స, కోలుకునే తీరు

ఏడాది నిండని గుర్రప్పిల్ల కింది దవడ ముందు భాగంలో, చిగురు దగ్గర గట్టి వాపు కనిపిస్తుంది. మొదట్లో పిల్ల మామూలుగానే మేస్తుంది. దెబ్బ తగిలిందనో, కొత్త పళ్లు వస్తున్నాయనో యజమాని ఊరుకుంటాడు. రానురాను వాపు పెరిగి పళ్లు పక్కకు ఒరుగుతాయి, చిగురు పుండు పడుతుంది. చిన్న వయసు గుర్రాల్లో ఇలాంటి వాపునకు ఒక కారణం 'ఆసిఫైయింగ్ ఫైబ్రోమా' అనే ఎముక కణితి.

ఇది క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. కానీ ఉన్నచోట దవడ ఎముకను తినేస్తుంది. పంటి వేరుకు చీము పట్టినా వాపు ఇలాగే ఉండవచ్చు. అందుకే ఎక్స్‌రే తీసి, చిన్న ముక్క కోసి పరీక్షించాకే వ్యాధిని నిర్ధారిస్తారు.

శస్త్రచికిత్స ఎలా చేస్తారు?

కణితిని పైపైన గీకి తీస్తే మళ్లీ పెరుగుతుంది. అందువల్ల చుట్టూ కొంత ఆరోగ్యకరమైన ఎముకతో సహా దవడ ముందు భాగాన్ని, ముందరి పళ్లను తొలగిస్తారు. కింది దవడ రెండు సగాలు గడ్డం దగ్గర కలుస్తాయి. కోత ఆ అతుకును పూర్తిగా దాటకపోతే దవడ నిలకడగానే ఉంటుంది. కణితి ఇంకా వెనక్కి పాకితే రెండు సగాలూ విడిపోతాయి, చికిత్స కష్టమవుతుంది. ముందుగా గుర్తించడం వల్ల కలిగే అసలు లాభం ఇదే.

ముందు పళ్లు లేకుండా ఎలా మేస్తుంది?

గుర్రం మేతను పెదవులతో అందుకుంటుంది, ముందరి పళ్లతో తెంపుతుంది, వెనుక దంతాలతో నములుతుంది. శస్త్రచికిత్స తర్వాత పెదవులు, వెనుక దంతాలు అలాగే ఉంటాయి. కాబట్టి కోసి వేసిన గడ్డిని, దాణాను తినడం చాలా గుర్రాలు త్వరగానే నేర్చుకుంటాయి. పొట్టి గడ్డిని తెంపుకోవడం మాత్రం కష్టం. కొన్నింటికి నాలుక కాస్త బయటికి వేలాడుతుంది.

సంరక్షణ

గాయం మానేవరకు నానబెట్టిన మెత్తని మేత పెట్టాలి. మేత తర్వాత నోటిని శుభ్రమైన నీటితో కడగాలి. కుట్లు ఊడినా, దుర్వాసన వచ్చినా, మేత మానేసినా వెంటనే పశువైద్యుడికి చూపాలి. గుర్రాలకు ధనుర్వాతం తేలికగా సోకుతుంది కనుక టీకా తప్పనిసరి. గుర్రం పళ్లు బయటికి పెరుగుతూనే ఉంటాయి. కింద ఒరిపిడి లేక పై పళ్లు పొడవవుతాయి. వాటిని ఎప్పటికప్పుడు ఆకురాయితో అరగదీయించాలి.

కణితి పూర్తిగా తొలగితే చాలా గుర్రాలు మామూలు జీవితం గడుపుతాయి. ముసలి గుర్రాల నోటిలో వచ్చే క్యాన్సర్ కణితుల విషయంలో అంత భరోసా ఉండదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలు. బండి లాగే గుర్రం మూలపడితే ఆ ఇంటి రాబడి ఆగిపోతుంది. మాలిష్ చేసేటప్పుడు పెదవి ఎత్తి చిగుళ్లు చూడటానికి పైసా ఖర్చు లేదు. ఆ అలవాటే గుర్రం దవడను, ఇంటి బతుకుతెరువును కాపాడగలదు.