ధరణియే మండినచో – ఒక బసవ వచన పరిశీలనము

ఈ సంచికలో మనము పరిశీలింపనున్న బసవన్న వచనము మిక్కిలి చిన్నది. ప్రవచనములందు తఱచుగా వినబడునది. దాని తాత్పర్యమిది: పొయ్యి మండినచో దాని చెంత నిలువవచ్చును, నేలయే అంటుకొనినచో నిలుచుటకు చోటుండదు. పిదప చెరువు కట్ట, చేని కంచె, ఇల్లాలు, తల్లి చనుబాలు అను నాలుగు దృష్టాంతములు వచ్చును. కాపాడవలసినదే కబళించినచో ఎవరికి మొఱపెట్టుకొనవలెనని కూడలసంగమదేవుని అడుగుటతో వచనము ముగియును.

ముందుగా ఒక మాట. కన్నడమున ‘ఏరి’ యనగా చెరువు కట్ట. మన తెలుగు ‘ఏరు’తో దీనిని కలిపి నది యని అర్థము చెప్పినచో భావము చెడును. ఏరు నీరు త్రాగుటలో వింత యేమున్నది? నీటిని నిలుపవలసిన కట్ట నీటిని త్రాగుటయే ఇచట విపరీతము.

పొయ్యిలోని నిప్పును మనుష్యుడు తానే రాజేయును, తానే ఆర్పును. అది ప్రకృతియే గాని చేతికి లొంగిన ప్రకృతి. ధరణి అట్టిది కాదు. ఆర్పువాడును దానిపైననే నిలువవలెను. తరువాతి దృష్టాంతముల వరుసను గమనింపుడు. మొదట సమస్త భూమి, పిదప ఊరి చెరువు, ఆపైన ఒకని చేను, వాని ఇల్లు, తుదకు తల్లి ఒడి. వలయము అంతకంతకు చిన్నదగుచున్నది, భయము అంతకంతకు దగ్గరకు వచ్చుచున్నది. ఆలంకారికులు దీనిని అప్రస్తుతప్రశంస యందురు. చెప్పదలచిన అసలు విషయము వచనమున ఎచటను లేదు.

కట్ట నీరు త్రాగుటకు దొంగతనమను అర్థమునే సాధారణముగా చెప్పుదురు. చెరువుల నడుమ పెరిగిన మనకు మఱియొక అర్థమును తోచును. ఎలుక బొరియల వలన, చెట్ల వేళ్ళ వలన కట్టలోనికి నీరూరును. ఊరిన మట్టి మెత్తబడి జారును; ఒకనాటి రాత్రి కట్ట తెగును. తూమును, మత్తడిని కనిపెట్టుకొని యుండు నీరటికాడు కాకతీయుల చెరువులకు రాతికట్టడమంత అవసరమైనవాడు. మన పల్లెలలో ఆ పని ఇప్పుడెంత సాగుచున్నదో పాఠకులే ఎఱుగుదురు.

ఈ వచనము మనకు పుస్తకములోనిది మాత్రమే కాదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెను. జనులు ఇండ్ల కప్పులపై నిలిచి ప్రాణములు కాచుకొనిరి. ఆ ఉదయముతో ముగిసిన 24 గంటలలో పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన కురిసెను. మఱుసటి యేడు, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండా నీట మునిగెను. ఇంటికన్నె, కేసముద్రం స్టేషనుల నడుమ రైలుకట్ట మట్టి కొట్టుకొనిపోగా పట్టాలు గాలిలో వ్రేలాడెను. నిన్నటివరకు చేలను తడిపిన వాగే ఇంటిని ముంచినది. చనుబాలు విషమగుట యన్న మాటకు ఇంతకు మించిన వ్యాఖ్యానము నేనెఱుగను.

ఇట్టి ఆపదలు వచ్చినపుడు ఇది జనుల పాపఫలమని చెప్పువారు కలరు. ఈ వచనమును అందులకు సాక్ష్యముగా చూపుట తగదని నా అభిప్రాయము. చనుబాలు త్రాగు శిశువు చేసిన పాపమేమి? కంచె మేసిన చేను చేసిన దోషమేమి? బసవన్న బాధపడినవానిని నిందింపలేదు. వాని పక్షమున నిలిచి దేవునే ప్రశ్నించెను. అది భక్తిలోపము కాదు. ఫిర్యాదు వినువాడు ఒకడున్నాడను నమ్మకము లేనివాడు ఆ ప్రశ్నను అడుగనే అడుగడు.

మఱియొకటి. బసవన్న కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారి. రాజ్యపు ధనమునకు తానే కంచె. కంచె చేను మేయుటను గూర్చి పలుకునపుడు ఆ ప్రశ్న మొదట తన పదవికే తగులునని ఆయన ఎఱుగకుండునా? కావుననే ఇది వట్టి నిస్సహాయుని విలాపము కాదు. నేల మండుటను మనుష్యుడు ఆపజాలడు. కట్టను కాచుట, కంచెను సరిచూచుట మాత్రము మనుష్యుని కాయకమే. ఇంటికన్నె వద్ద కార్మికులు రేయింబవళ్ళు శ్రమించి కొలది దినములలోనే రైలుమార్గమును నిలబెట్టిరి.

భాష విషయము. ఇందు పొయ్యి, కట్ట, కంచె, పాలు తప్ప పెద్ద మాటలు లేవు. జనగామ జిల్లా పాలకుర్తి పేరు ధరించిన సోమనాథుడు బసవపురాణమును జాను తెనుగున, ద్విపదలో రచించుటకు కారణమును ఇట్టి పలుకుబడియందే వెదకవలెను. ఇంటివారి మాటలలో పుట్టిన మతమును పండితుల సమాసములలో చెప్పుట ఆయనకు రుచింపలేదు.

పిల్లలకు ఈ వచనమును బోధించునపుడు, నేలయు పంటయు వీచు గాలియు శివుని దానమేయని చెప్పిన జేడర దాసిమయ్య వచనమును ప్రక్కన ఉంచి చదివింపుడు. దాసిమయ్య బసవన్నకు పూర్వుడు. ఆయన కోపము, ఇచ్చినవానిని మఱచి అన్యులను పొగడువారిపైన. బసవన్న ఆవేదన, ఇచ్చిన చేయియే కొట్టినపుడు కలుగునది. రెంటియందును నేల ఒక్కటే, దేవుడును ఒక్కడే.