చిన్న జట్టులో చేరి పెద్దవాడైన ఆటగాడు
(పోలండ్ ఫుట్‌బాల్ ఆటగాడు రాబర్ట్ లెవాండోవ్‌స్కీ తొలి సంవత్సరాలు - ఒక పాఠం)



ప్రతి సంవత్సరం ఉపకార వేతనాల జాబితా వెలువడగానే కొన్ని ఇళ్లలో సంతోషం, కొన్ని ఇళ్లలో నిశ్శబ్దం. కోరుకున్న కాలేజీలో సీటు రాలేదనో, ఎంపిక పోటీలలో పేరు లేదనో "ఇంక నావల్ల కాదు" అని పుస్తకం, బంతి రెండూ పక్కన పెట్టేసిన పిల్లలను బరంపురంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన ముప్పై ఏళ్లలో నేను చాలామందిని చూశాను. వారి కోసమే ఈ పాఠానికి ఒక ఆటగాడి జీవితాన్ని ఎంచుకున్నాను. అతను గెలిచిన కప్పుల గురించి కాదు, పదహారు నుంచి ఇరవై మూడేళ్ల వయసు మధ్య అతను వేసిన అడుగుల గురించి చెప్పాలని నా ఉద్దేశం.

ఇల్లు, తల్లిదండ్రులు

రాబర్ట్ లెవాండోవ్‌స్కీ 1988 ఆగస్టు 21న పోలండ్ రాజధాని వార్సాలో పుట్టాడు. పెరిగింది వార్సాకు పడమరగా ఉన్న లెష్నో అనే చిన్న ఊరిలో. తండ్రి జూడో క్రీడాకారుడు, ఫుట్‌బాల్ కూడా ఆడారు. తల్లి వాలీబాల్ క్రీడాకారిణి, వ్యాయామ ఉపాధ్యాయిని. అక్క కూడా వాలీబాల్ ఆడింది. కొడుకు ఎప్పుడైనా పరదేశంలో ఆడవలసి వస్తే అక్కడివారికి పలకడానికి సులువుగా ఉండాలని తండ్రి రాబర్ట్ అని పేరు పెట్టారట.

1997లో, తొమ్మిదేళ్ల వయసులో, వార్సాలోని వర్సోవియా అనే క్లబ్బులో చేరాడు. అక్కడ ఏడేళ్లు ఆడాడు. ఊరి నుంచి నగరానికి సాధనకు తీసుకువెళ్లి, తీసుకురావడం తల్లిదండ్రుల పని. పిల్లవాడు సన్నగా, బలహీనంగా కనిపించేవాడు. ఆటలో తెలివి ఉన్నా, ఆ శరీరాన్ని చూసి పెద్ద ఆటగాడవుతాడని అనుకున్నవారు తక్కువ.

వరుసగా రెండు దెబ్బలు

2005లో తండ్రి మరణించారు. అప్పటికి రాబర్ట్‌కు పదహారేళ్లు. ఆ రోజులలోనే డెల్టా వార్సా అనే చిన్న జట్టు తరఫున పెద్దవాళ్లతో కలిసి ఆడడం మొదలుపెట్టి, సీజన్ చివరలో నాలుగు గోల్స్ చేశాడు. తరువాత వార్సాలోకెల్లా పెద్ద క్లబ్బు లెగియా అతన్ని తన రెండవ జట్టులోకి తీసుకుంది. పోలండ్ పిల్లలు కలలుగనే క్లబ్బు అది.

అక్కడ గాయపడ్డాడు. 2006లో ఒప్పందం ముగిసినప్పుడు క్లబ్బు దానిని పొడిగించలేదు. ఇంట్లో తండ్రి లేరు, కాలికి గాయం, చేతిలో క్లబ్బు లేదు. ఇంకా పద్దెనిమిది నిండలేదు. విద్యార్థులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ స్థానంలో మీరుంటే ఏం చేసేవారో ఆలోచించండి.

మెట్లున్న వ్యవస్థ

తరువాత జరిగింది అర్థం కావాలంటే యూరప్ ఫుట్‌బాల్ పద్ధతి కొంచెం తెలియాలి. మన పాఠశాలలో తరగతులున్నట్లే అక్కడ లీగులు మెట్లుమెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో దేశంలోని మేటి జట్లు, దాని కింద రెండవది, ఆపైన మూడవది, ఇలా. ప్రతి సీజన్ చివర కింది లీగులో ముందు నిలిచిన జట్లు పై లీగుకు వెళతాయి. పై లీగులో చివర మిగిలినవి కిందికి దిగుతాయి. ఆటగాళ్ల సంగతీ అంతే. కింది మెట్టులో బాగా ఆడినవాడిని పై మెట్టు క్లబ్బులు డబ్బు చెల్లించి కొనుక్కుంటాయి. కాబట్టి కింది లీగులో చేరినంత మాత్రాన దారి మూసుకుపోదు. అక్కడ ఏం చేశామన్నదే లెక్క.

ప్రుష్కూఫ్‌లో రెండేళ్లు

వార్సా పక్కనే ప్రుష్కూఫ్ అనే పట్టణం ఉంది. అక్కడి జ్నిచ్ క్లబ్బు అప్పుడు మూడవ మెట్టులో ఆడుతోంది. ఆ క్లబ్బు రాబర్ట్‌ను తీసుకుంది. చెల్లించిన సొమ్ము 5,000 జ్లోటీలు మాత్రమే. జ్లోటీ అంటే పోలండ్ నాణెం.

పెద్ద క్లబ్బు పేరు చొక్కా మీద లేకపోయినా, ఇక్కడ అతనికి ఒక మేలు జరిగింది. ఆడే అవకాశం దొరికింది. 2006-07 సీజన్‌లో 15 గోల్స్ చేసి ఆ లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడయ్యాడు. జట్టు రెండవ మెట్టుకు ఎక్కింది. ఎదురు జట్లు బలమైనవి కాబట్టి గోల్స్ తగ్గాలి కదా? 2007-08లో 21 చేశాడు. అక్కడా మొదటి స్థానమే.

2008 జూన్‌లో మొదటి మెట్టు క్లబ్బు లెఖ్ పోజ్నాన్ అతన్ని కొనుక్కుంది. ఈసారి చెల్లించింది 15 లక్షల జ్లోటీలు.

పోజ్నాన్‌లో రెండేళ్లు

మొదటి సీజన్‌లో లీగులో 14 గోల్స్ చేశాడు, జట్టు 2009లో పోలండ్ కప్పు గెలిచింది. రెండవ సీజన్‌లో 18 గోల్స్‌తో దేశంలోకెల్లా మొదటి స్థానం, జట్టుకు లీగు విజయం. ఈ మధ్యలోనే, 2008 సెప్టెంబరు 10న శాన్ మారినో జట్టుతో జరిగిన ప్రపంచ కప్ అర్హత పోటీలో దేశం తరఫున మొదటిసారి ఆడి గోల్ చేశాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండి మూడు వారాలే.

ఒక విషయం గమనించండి. మూడవ మెట్టు, రెండవ మెట్టు, మొదటి మెట్టు - మూడింటిలోనూ అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడుగా నిలిచాడు. ఏ మెట్టునూ దాటవేయలేదు.

మళ్ళీ బెంచీ మీద

2010లో జర్మనీలోని బొరుస్సియా డార్ట్‌మండ్ క్లబ్బులో చేరాడు. కొత్త దేశం, రాని భాష. పరాగ్వే ఆటగాడు లూకాస్ బారియోస్ అప్పటికే జట్టులో ముందు నిలబడి ఆడుతున్నాడు. రాబర్ట్ చాలాసార్లు బెంచీ మీద కూర్చుని, రెండవ సగంలో మైదానంలోకి దిగేవాడు. ఆ సీజన్ మొత్తంలో లీగు గోల్స్ 8. పోలండ్‌లో మొదటివాడు ఇక్కడ మళ్ళీ కొత్తవాడు.

శిక్షకుడు యుర్గెన్ క్లాప్‌తో వేసుకున్న పందెం గురించి అతనే తరువాత చెప్పుకున్నాడు. సాధనలో పది గోల్స్ చేస్తే క్లాప్ 50 యూరోలు ఇవ్వాలి, చేయలేకపోతే ఇతను ఇవ్వాలి. మొదటి వారాలలో దాదాపు ప్రతిసారీ రాబర్టే చెల్లించాడు. కొన్ని నెలలకు లెక్క తిరగబడింది. చివరకు క్లాప్ గారే ఇక చాలన్నారు. మ్యాచిలో అవకాశం రాని రోజులను సాధనలో వాడుకున్న తీరు ఇది.

2011లో బారియోస్ గాయపడ్డాడు, చోటు దొరికింది. 2011-12లో లీగు గోల్స్ 22. 2012 మే 12న బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్‌లో బాయెర్న్ మ్యూనిక్‌ను 5-2తో ఓడించినప్పుడు ఇతనివి మూడు గోల్స్. 2014లో అదే బాయెర్న్ క్లబ్బుకు మారాడు. 2020-21లో 41 గోల్స్ చేసి, గెర్డ్ ముల్లర్ 1971-72లో నెలకొల్పిన 40 గోల్స్ జర్మన్ లీగు రికార్డును దాటాడు. ఆ కథ మీకు వార్తలలో దొరుకుతుంది కనుక ఇక్కడ ఆపుతున్నాను.

చదువు మాట

2017 అక్టోబరులో, 29 ఏళ్ల వయసులో, లెవాండోవ్‌స్కీ వార్సాలోని ఒక క్రీడా విద్యా సంస్థ నుంచి వ్యాయామ విద్యలో డిగ్రీ పూర్తి చేశాడు. అప్పటికి జర్మన్ లీగులో ఐదు విజయాలు అతని ఖాతాలో ఉన్నాయి. ఉద్యోగం కోసమో డబ్బు కోసమో ఆ పట్టా అతనికి అక్కరలేదు. మొదలుపెట్టిన చదువు కనుక పూర్తి చేశాడు. మూడవ మెట్టు లీగులో వందలాదిమంది యువకులు ఆడుతుంటారు, అందరూ లెవాండోవ్‌స్కీలు కాలేరు. ఆటనే నమ్ముకున్న పిల్లలు చేతిలో ఒక పట్టా ఉంచుకోవడం ఎందుకు అవసరమో నేను వేరే చెప్పనక్కరలేదు.

గుర్తుంచుకోవలసినవి

1. పెద్ద చోట పేరు లేకపోతే, నిజంగా పని చేయనిచ్చే చిన్న చోటు వెతకండి. కోరిన కాలేజీలో సీటు కోసం ఏడాది ఖాళీగా కూర్చోవడం కన్నా, వచ్చిన కాలేజీలో మొదటి వరుసలో నిలవడం మేలు.

2. చిన్న చోట ఉన్నా కొలతలు ఉండాలి. రాబర్ట్‌కు గోల్స్ లెక్క ఉన్నట్లే మీకు మార్కులు, హాజరు, చదివిన గంటలు. ఒక పుస్తకంలో వ్రాసుకోండి.

3. పై మెట్టు ఎక్కగానే మళ్ళీ వెనుక బెంచీ తప్పదు. ప్లస్ టూ నుంచి ఇంజనీరింగుకు, తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన ప్రతి పిల్లవాడికీ అది తెలుసు. మొదటి ఏడాది మార్కులు చూసి బెంబేలెత్తవద్దు.

4. తల్లిదండ్రులకు ఒక మనవి. జాబితాలో పేరు లేని రోజున పక్కింటి పిల్లవాడి మాట ఎత్తకండి. "రేపు ఎక్కడ దరఖాస్తు చేద్దాం?" అని అడగండి.

అభ్యాసం

అ) 5,000 జ్లోటీల ఆటగాడు రెండేళ్లలో 15 లక్షల జ్లోటీలు పలికాడు. విలువ ఎన్ని రెట్లు పెరిగింది?

ఆ) ప్రుష్కూఫ్‌లో రెండు సీజన్లు, పోజ్నాన్‌లో రెండు సీజన్లు చేసిన లీగు గోల్స్ విడివిడిగా కూడండి. పోజ్నాన్ మొత్తం కొంచెం తక్కువ. అయినా దానికే విలువ ఎక్కువ. ఎందుకు?

ఇ) మీకు ఇటీవల "కాదు" అని వచ్చిన ఒక జవాబును తీసుకుని, దాని కింద మీరు చేరగలిగిన మూడు చిన్న చోట్ల పేర్లు వ్రాయండి. ఇంట్లో పెద్దలతో కూర్చుని వాటిలో ఒకటి ఎంచుకోండి.

మూడవ ప్రశ్నకు జవాబు ఈ వారంలోనే వ్రాయాలని నా కోరిక. దరఖాస్తుల గడువులు మన కోసం ఆగవు.