బీడునకు వైద్యుడు: స్థానిక వృక్షసంరక్షణ వృత్తి



పశువునకు వైద్యుడు కలడు, పైరు తెగులునకు మందు చెప్పువాడు కలడు. మన బీళ్లను చూచువా డెవడని సభ్యులు కొందరు మమ్ము అడుగుచున్నారు. అట్టివారును గలరు. ఒక ప్రాంతమున సహజముగా పుట్టిన గడ్డిని, పొదను, చెట్టును పరిశోధించి కాపాడుటయే వారి వృత్తి. అది యెట్టిదో సర్కారుతుమ్మను ఉదాహరణముగా గొని వివరించుచున్నాము.

ఈ చెట్టు మన దేశపుది కాదు, అమెరికా ఖండపుది. 1877 ప్రాంతమున జమైకానుండి విత్తనములు తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటించిరి. కాయ తియ్యగా నుండుటచే మేకలు, పశువులు తినును. గింజ జీర్ణము గాక పేడతో బీటికి చేరి మొలచును. పైన నరికిన, మోడునుండి గుంపుగా చిగిర్చును. దట్టముగా పెరిగినచోట గరికయు నిలువదు. అయినను పేదయిండ్ల పొయ్యి దాని కట్టెతోనే మండుచున్నమాట నిజము. కాన తిట్టుటతో పని తీరదు, కొలిచి చూడవలెను.

కొలుచుటయే ఈ వృత్తియందు మొదటి పని. పరిశోధకుడు మీటరు చదరపు చట్రమును బీటిలో పలుతావుల నుంచి, లోపలి మొక్కల జాతులను లెక్కించును. గడ్డి కోసి, యెండబెట్టి, తూచును. మ్రాని చుట్టుకొలతను నేలకు 1.37 మీటర్ల యెత్తున గొలుచును. కొంతనేలకు కంచె వేసి, మందలు మేసిన నేలతో పోల్చును. తెలియని మొక్కను కాగితముల నడుమ అదిమి ఆరబెట్టి, దొరికిన చోటు, తేదీ, ఊరివారు పిలుచు పేరు వ్రాసి భద్రపరచును. ఏండ్ల తరబడి అదే చోటికి మరల మరల పోవలెను. ఓర్పు లేనివానికి ఈ పని తగదు.

పిమ్మట ఏది తీయవలెను, ఏది నిలుపవలెను అను నిర్ణయము. సర్కారుతుమ్మను జానెడు లోతు వేరుతో గూడ పెరుకవలెను. ఆ నేలను వట్టిగా విడిచిన మరల అదియే వచ్చును గనుక, అక్కడి గడ్డివిత్తు చల్లి, జమ్మి, చండ్ర, రేగు నాటి, కొన్నియేండ్లు మేకలను రానీయరాదు. రానీయకుండుట యెట్లు? ఇచట శాస్త్రముకంటె ఊరికట్టు ముఖ్యమని మా అభిప్రాయము.

ఈ వృత్తికి వృక్షశాస్త్రమునగాని, అటవీశాస్త్రమునగాని పట్టము పొంది, పిదప పరిశోధన చేయవలెను. 2016లో నెలకొన్న అటవీ కళాశాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా ములుగున కలదు. 1890లో స్థాపితమైన భారత వృక్షసర్వేక్షణ సంస్థకు హైదరాబాదున శాఖ యున్నది. ఉద్యోగములు మెండుగా లేవు. ఆ మాట దాచము. అయితే గొర్రెల వెంట దిరిగి, ఏ గడ్డి యెప్పుడు గింజపట్టునో యెరిగిన పిల్లవాడు పట్నపు విద్యార్థి పుస్తకమున వెదకుదానిని ముందే యెరుగును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి పంచాయతీయందును ఒక సమితి యేర్పడి, ఊరి మొక్కల, పశువుల వివరములను ఊరివారి నడిగి రిజిస్టరున వ్రాయవలెను. మీ పంచాయతీలో అది వ్రాయబడినదేమో విచారింపుడు. వ్రాయనిచో, గడ్డిపేర్లు చెప్పగల ముసలి కాపరులను, వ్రాయనేర్చిన పిల్లలను ఈ వానకాలముననే ఒకచోట కూర్చుండబెట్టుడు. ఎండలు ముదిరిన పిదప సగము గడ్డి కానరాదు.