ఆరోగ్యాహారము: మనము తఱచుగా చేయు పొరపాటులు

కొన్ని నెలల క్రిందట ఉదయప్రార్థన జరుగుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె సొమ్మసిల్లి పడినది. వైద్యురాలు పరీక్షించి, రక్తహీనత యని చెప్పిరి. మేము విచారింపగా తెలిసిన సంగతి వింతగా నుండెను. ఆ బాలిక ఆహారమును నిర్లక్ష్యము చేసినది కాదు; ఆరోగ్యముకొఱకే శ్రమపడుచుండెను. ఉదయమున అన్నము మాని, తేనె కలిపిన నిమ్మనీరు త్రాగును. మధ్యాహ్నము గుప్పెడు మెతుకులు తిని, వెంటనే టీ పుచ్చుకొనును. మిరపకోతకు పోవు తల్లి, "అయ్యగారూ, పిల్లకి బలమొస్తుందని రెండు రోజుల కూలి పెట్టి డబ్బా పొడి కొన్నానండీ" అని కన్నీరు పెట్టుకొనెను. తల్లి ప్రేమలో లోపము లేదు. బిడ్డ పట్టుదలలోను లోపము లేదు. ఉన్న లోపము తెలియమి యొక్కటియే. కావున విద్యార్థులకును, తలిదండ్రులకును ఉపయోగపడునని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదటి పొరపాటు, ఒక్క ధాన్యమునే నమ్ముకొనుట. మన మెట్టసీమ పెద్దలు జొన్నసంకటి, సజ్జరొట్టె తిని బ్రదికిరి. తరువాత తెల్లని వరియన్నమే గౌరవమని తలచితిమి. బియ్యమును మరలో ఎంత తెల్లగా పట్టింతుమో, తవుడుతోపాటు థయమిన్ అను బి1 విటమిను అంతగా పోవును. పలుమారులు కడిగి గంజి వార్చినచో మిగిలినదానిలోను చాలభాగము నీటిపాలగును. ఈ విటమిను లోపమువలన కలుగు బెరిబెరి యను వ్యాధి ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాలలో నుండెడిది. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున డాక్టరు మెకారిసన్ ఆరంభించిన చిన్న శాలయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థ యైనది.

ఇప్పుడు గాలి మఱియొక వైపునకు తిరిగినది. అన్నము విషమనియు, కొఱ్ఱలే అమృతమనియు చెప్పువారు పెరిగిరి. జొన్నలు, కొఱ్ఱలు మంచివే. కాని దాదాపు జొన్నలమీదనే బ్రదుకు పేదలలో పెల్లాగ్రా యను వ్యాధి కనబడుటను 1960 ప్రాంతమున డాక్టరు సి. గోపాలన్ గారును వారి సహచరులును పరిశీలించిరి. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పగులుట ఆ వ్యాధి లక్షణము. దీనివలన మనము నేర్చుకొనవలసిన దేమనగా, ఎంత మంచి ధాన్యమైనను ఒంటరిగా చాలదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ, గ్రుడ్డు దానికి తోడు కావలెను. ఎక్కువ వెల పెట్టి కొఱ్ఱలు కొని, ఆ ఖర్చుకు పప్పు మానుకొన్న యింటికి లాభమేమి? తక్కువ పట్టు బియ్యము తెచ్చి, గంజి వార్చక అత్తెసరు పెట్టుకొనుట అందఱికిని సాధ్యమైన పని.

రెండవది, కారమును నిందించి ఉప్పును విడిచిపెట్టుట. రక్తపోటు కలదని తెలియగానే పచ్చడిలో కారము తగ్గించి, ఉప్పును యథాప్రకారము వేసికొనువారిని మేమెఱుగుదుము. కడుపులో పుండున్నవారు కారమును గూర్చి వైద్యుని మాట వినవలసినదే. కాని మిరప పాపజాతి కాదు. హంగేరీ దేశపు శాస్త్రజ్ఞుడు సెంట్ జ్యోర్జీ 1930 తరువాతి యేండ్లలో సి విటమినును విరివిగా తీసినది మిరపజాతి కాయలనుండియే. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పచ్చిమిరపలో ఆ విటమిను సమృద్ధిగా నుండును; ఎండినపుడు చాలవఱకు నశించును.

ఉప్పు మాటకు వత్తము. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గోంగూర పచ్చడి, ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ, అన్నిటిలోని ఉప్పును ఈ లెక్కలోనిదే. విద్యార్థులారా, ఒక లెక్క చేయుడు. ఇంట ఐదుగురు పెద్దలున్నచో దినమునకు 25 గ్రాములు. కిలో ఉప్పు 40 దినములు రావలెను. మీ యింట ఎన్ని దినములు వచ్చుచున్నదో చూడుడు. పచ్చళ్లకు వాడినదానిని మఱవకుడు.

మూడవది, పేరు మార్చి కొలత మార్చకుండుట. పంచదార మాని బెల్లమో తేనెయో యథేచ్ఛగా వాడినచో, మధుమేహము గలవానికి మేలు కలుగదు, అవియును చక్కెరలే. నూనె డబ్బాపై కొలెస్టరాలు లేదని వ్రాసియుండగా చూచి ధారాళముగా వంచుదురు. వేరుసెనగ యైనను, నువ్వు లైనను, పత్తిగింజ యైనను గింజల నూనెలలో చెప్పుకొనదగిన కొలెస్టరా లుండదు. కాని ప్రతి నూనెయు గ్రామునకు 9 కిలోక్యాలరీల శక్తి నిచ్చి, మితిమీరిన ఒంటికి క్రొవ్వు పెంచును. మన ప్రాంతమున పండు పత్తిగింజలనుండి తీసిన పచ్చినూనెలో గాసిపాల్ అను హానికరమైన పదార్థ ముండును గనుక, శుద్ధిచేసినదానినే వాడవలెను.

నాలుగవది, నీటిని మఱచుట. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరోసిస్ వ్యాధి గుర్తింపబడెను. ఆ జిల్లా భాగములు కొన్ని 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినవి. పండ్లకు పసుపు గోధుమ చారలు పడుట, ఎముకలు బిగిసికొనుట దాని గుర్తులు. కనిగిరి వంటి మెట్టప్రాంతములవారు ఈ సంగతి బాగుగ నెఱుగుదురు. నీటిని కాచినచో క్రిములు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలదియు చిక్కనగును. నీటిని పరీక్ష చేయించి, మంచిదని తేలిన నీటినే త్రాగవలెను.

ఇక ఆ బాలిక సంగతి. ఆకుకూరలలోను, పప్పులలోను ఉన్న ఇనుము శరీరమునకు సులువుగా పట్టదు. నిమ్మరసము, ఉసిరి, జామకాయ దానిని పట్టించును. భోజనముతో త్రాగిన టీ, కాఫీ దానిని అడ్డగించును. భోజనమునకును టీకిని కనీసము ఒక గంట యెడ ముండవలెను. మాంసము, చేపలలోని ఇనుము మఱింత సులువుగా పట్టును. అయితే రక్తహీనత ముదిరినపుడు ఆకుకూర తినినచో చాలునని మాత్రలు మానుటయు పొరపాటే. ఆమె ఇప్పుడు ఉదయమున మజ్జిగతో చద్దన్నము తినుచున్నది. మధ్యాహ్నము నిమ్మరసము పిండిన మునగాకు పప్పును గ్రుడ్డును తినుచు, వైద్యురా లిచ్చిన మాత్రలు తప్పక వేసికొనుచున్నది. తల్లి డబ్బా కొనుట మానెను. ప్రార్థనలో ఆ బిడ్డ నిలువబడి పాడుచుండగా మేము దేవుని స్తుతించితిమి.

దానియేలు రాజభోజనమును వలదని శాకధాన్యములను కోరినపుడు, ఊరక నమ్ముమనలేదు. పది దినములు పరీక్షించి చూడుమని కోరెను. ఆహారమును గూర్చి మన చెవి బడు ప్రతి మాటను అట్లే పరీక్షింతము. ఏ యొక్క పదార్థమును దేవతను చేయవలదు, దయ్యమును చేయవలదు. కంచము మొత్తమును చూడవలెను.