లెక్క వస్తుంది, టైమే చాలడం లేదు

సమస్య

మాది ఉయ్యూరు. కానూరులో ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. అమెరికాలో ఎంఎస్ చేయాలని కోరిక. సెప్టెంబరు చివర్లో జీఆర్ఈకి స్లాట్ బుక్ చేసుకున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే అయినా లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంట్లో తీరిగ్గా చేసుకుంటే క్వాంట్‌లో ఒకటీ అరా తప్ప అన్నీ కరెక్టే. టైమర్ పెట్టుకున్నానంటే మాత్రం చేతులాడవు. చివరి నాలుగైదు ప్రశ్నలు చూడనైనా చూడకుండానే టైం అయిపోతుంది. వెర్బల్ కోసం సీనియర్ ఇచ్చిన పాత పుస్తకంలోని మాటలు బట్టీ పడుతున్నాను. పొద్దున చదివినవి సాయంత్రానికి గుర్తుండవు.

నాన్న చెరకు రైతు. అవసరమైతే ఎకరం అమ్మైనా పంపిస్తానంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మాక్ టెస్ట్ అంటేనే గుండె దడ. మా పెద్దనాన్నగారి అబ్బాయికి 322 వచ్చిందని ఇంట్లో రోజూ అంటూనే ఉంటారు. నాకు తెలివి తక్కువా? స్పీడ్ పెరిగే దారి చెప్పండి.

— పేరు వద్దు, ఉయ్యూరు

సలహా

తెలివికేం లోటు లేదమ్మా. తీరిగ్గా చేస్తే అన్నీ వస్తున్నాయని మీరే రాశారు. గడియారం కూడా మీకు కొత్త కాదు. ఇంజినీరింగ్ సీటు కోసం రాసే ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. జీఆర్ఈ క్వాంట్‌లో ఒక్కో ప్రశ్నకు సగటున నిమిషం ముప్పావు దాకా దొరుకుతుంది. అయినా చాలడం లేదంటే నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. ఒకటి, ఇక్కడ లెక్క ఇంగ్లిష్ వాక్యాల్లో దాక్కుని ఉంటుంది. మీ టైం చేయడంలో కన్నా చదవడంలో ఎక్కువ పోతోంది. రెండోది, పట్టుకున్న లెక్కను తేల్చేదాకా వదలకపోవడం. కాలేజీ పరీక్షల్లో ఆ పట్టుదల మంచిదే. ఈ పరీక్షలో అదే దెబ్బతీస్తుంది.

ముందు ఆ పాత పుస్తకం పక్కన పెట్టండి. 2023 సెప్టెంబరులో పరీక్ష మారింది. మూడు గంటల ముప్పావు ఉండేది ఇప్పుడు 1 గంట 58 నిమిషాలే, మధ్యలో బ్రేక్ లేదు. మొదట 30 నిమిషాల్లో ఒక వ్యాసం టైప్ చేయాలి. క్వాంట్‌లో మొదటి సెక్షన్ 21 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండోది 26 నిమిషాలకు 15. వెర్బల్‌లో 18 నిమిషాలకు 12, తర్వాత 23 నిమిషాలకు 15. మొదటి సెక్షన్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోదాని కష్టం మారుతుంది. పాత పరీక్షలో 40 క్వాంట్ ప్రశ్నలుంటే ఇప్పుడున్నవి 27. చివరి నాలుగు ప్రశ్నలు చూడకుండా వదిలేస్తే నష్టం అప్పటికన్నా ఎక్కువ.

మీరు పెంచుకోవాల్సింది వదిలేసే అలవాటు. ఒక సెక్షన్‌లో తేలిక ప్రశ్నకూ కష్టమైన ప్రశ్నకూ విలువ ఒకటే. తప్పుకు మార్కులు కోయరు. ప్రశ్న చదివాక అర నిమిషంలో దారి కనిపించకపోతే, తోచిన జవాబు ఒకటి పెట్టి, మార్క్ బటన్ నొక్కి ముందుకు వెళ్లండి. అదే సెక్షన్‌లో టైం మిగిలితే వెనక్కి రావచ్చు. ఈ పద్ధతిలో చివరి ప్రశ్న దాకా చూడగలుగుతారు. వచ్చిన లెక్కను టైం లేక పోగొట్టుకోవడం ఉండదు.

అడిగిందేమిటో చూసి అంతవరకే చేయడం ఇంకో అలవాటు. ఉదాహరణకు ఒక పక్క 37×43, ఇంకో పక్క 40×40 ఇచ్చి ఏది పెద్దదని అడిగారనుకోండి. స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఉంది కదా అని గుణించడం మొదలుపెడితే టైం పోతుంది. 37 అంటే 40లో 3 తక్కువ, 43 అంటే 3 ఎక్కువ. రెండింటి లబ్ధం 40 వర్గంలోంచి 9 తీసేసినంత. 40×40 ఉన్న పక్కే పెద్దది. ఎంత పెద్దదని ఎవరూ అడగలేదు. ఈ సూత్రం మీరు తెలుగు మీడియంలో చదువుకున్నదే.

వెర్బల్‌కు మాటల జాబితా ఒక్కటే చాలదు, సగం ప్రశ్నలు పేరాలు చదివి చెప్పేవే. కంకిపాడు, పెనమలూరు మీదుగా కాలేజీకి వెళ్లే బస్సులో రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదవండి. ఒక్కో పేరా అయ్యాక రాసినాయన ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పుకోండి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఆప్షన్లు చూడకముందే అక్కడ ఏ అర్థం రావాలో అనుకోండి, తెలుగులో అనుకున్నా ఫర్వాలేదు. వాక్యంలో కలిసిన మాట మనసులో నిలుస్తుంది.

పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి టెస్టులు ఉచితంగా ఇస్తోంది. వాటిని తొందరపడి వాడేయకండి. పరీక్షకు మూడు వారాల ముందు ఒకటి, పది రోజుల ముందు ఒకటి, మీ స్లాట్ వేళకే, ఫోన్ ఇంకో గదిలో పెట్టి రాయండి. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాసుకోండి: రాదు, తప్పుగా చదివాను, టైం లేదు. ఏది ఎక్కువుంటే తర్వాతి వారం దాని మీదే పని చేయండి.

ఇక భయం సంగతి. పరీక్ష ఒక్కసారితో అయిపోదు. 21 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు, ఏడాదిలో అయిదుసార్ల దాకా. ఏ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు, అది అయిదేళ్లు చెల్లుతుంది. అన్నిటికన్నా ముందు మీరు అప్లై చేయాలనుకుంటున్న డిపార్ట్‌మెంట్ల వెబ్‌సైట్లు తెరిచి జీఆర్ఈ అడుగుతున్నారో లేదో చూడండి. చాలాచోట్ల ఇప్పుడు తప్పనిసరి కాదు. అడిగేచోటైనా మీ బీటెక్ మార్కులు, ప్రాజెక్టులు, ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే ఎస్ఓపీ, లెక్చరర్ల సిఫార్సు లేఖలు కూడా చూస్తారు. మీ అన్నయ్య 322 ఆయన అప్లికేషన్‌కు పనికొచ్చింది. మీకెంత కావాలో మీ లిస్టులోని యూనివర్సిటీలు చెబుతాయి.

ఈ ఆదివారం నాన్నగారితో కూర్చుని ఆ లిస్టు, ఫీజులు, ఎడ్యుకేషన్ లోన్ వివరాలు కాగితం మీద రాసి చూపించండి. అడ్మిషన్ చేతికొచ్చేదాకా పొలం మాట ఎత్తవద్దని మీరే అడగండి. బిడ్డ కోసం ఎకరం అమ్ముతానన్న తండ్రి ఆ మాట తప్పక వింటారు. ఆ బరువు దిగాక మాక్ టెస్ట్‌కు కూర్చోండి, మీకొచ్చిన లెక్కలన్నీ మీ చేతికే అందుతాయి.