పరాయి దేశంలో సొంత హాస్టల్

చదువు కోసం ఊరు విడిచిన విద్యార్థికి మొదట కావలసింది తలదాచుకునే గది. “మీరేమిటోళ్లు?” అని అడిగి, జవాబు విన్నాక “గది ఖాళీ లేదు” అనే ఇంటివారు మనకు కొత్త కాదు.

1920లలో లండన్‌కు చదువుకోవడానికి వెళ్లిన పశ్చిమ ఆఫ్రికా విద్యార్థులకూ ఇదే ఎదురైంది. నైజీరియా, గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా), సియెర్రా లియోన్, గాంబియా అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉండేవి. ఆ పాలకుల రాజధానిలోనే నల్లవారికి గది దొరకడం కష్టమయ్యేది. అద్దె ఇళ్లలో ఈ వివక్షను నిషేధించే చట్టం అక్కడ 1968లో గాని రాలేదు.

ఆ విద్యార్థులు చట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. నైజీరియా నుంచి న్యాయశాస్త్రం చదవడానికి వచ్చిన లాడిపో సోలంకే, సియెర్రా లియోన్‌కు చెందిన డాక్టర్ బంకోలే-బ్రైట్ తోడ్పాటుతో, 1925 ఆగస్టు 7న పశ్చిమ ఆఫ్రికా విద్యార్థి సంఘాన్ని స్థాపించారు. దాని పొట్టి పేరు ‘వాసు’. 1926లో అదే పేరుతో పత్రిక మొదలైంది. తమ చరిత్రను, సంస్కృతిని తామే రాసుకోవాలన్నది వారి పట్టుదల.

సోలంకే 1929 నుంచి 1932 వరకు పశ్చిమ ఆఫ్రికాలో తిరిగి చందాలు పోగుచేశారు. 1933లో లండన్ కామ్డెన్ రోడ్డులో సంఘం హాస్టల్ తెరిచింది. ఆయన భార్య ఒపెయోలు మేట్రన్‌గా దాన్ని చూసుకున్నారు. 1945లో లండన్ వచ్చిన ఎన్‌క్రుమా ఈ సంఘానికి ఉపాధ్యక్షుడయ్యారు. 1957లో స్వతంత్ర ఘనాకు ఆయనే తొలి ప్రధాని.

1934లో బ్రిటిష్ వలస పాలనా శాఖ అండతో ‘అగ్రీ హౌస్’ అనే మరో వసతిగృహం వచ్చింది. వాసు దాన్ని వ్యతిరేకించింది. వసతి ఇచ్చి విద్యార్థుల ఆలోచనలను అదుపు చేస్తారని వారి అనుమానం.

అయితే ప్రభుత్వ హాస్టల్లో చదివే మనం తప్పు చేస్తున్నామా? కాదు. వారిది పరాయి పాలన. మనది మనం ఎన్నుకునే ప్రభుత్వం. బలహీన వర్గాల విద్యపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని రాజ్యాంగం 46వ అధికరణం ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. కాబట్టి మన హాస్టల్ ఎవరి దయాధర్మమూ కాదు. మెస్ బాగాలేకపోతే అడగడం కృతఘ్నత కాదు.

మా ఇంట్లో డిగ్రీ పొందిన మొదటివాణ్ణి నేను. నా చదువుకు హాస్టలే పునాది. తమ్ముళ్లారా, వాసు నుంచి మనం రెండు పనులు నేర్చుకుందాం. మన పెద్దల చరిత్రను మనమే రాసే గోడపత్రిక ఒకటి పెడదాం. పట్నంలో పై చదువుకు వచ్చే తమ్ముడికి గది చూపించే బాధ్యత పాత విద్యార్థులం తీసుకుందాం. వాసును మొదలుపెట్టినవారూ మనలాంటి విద్యార్థులే.