రంగును బట్టి వరుసల తొలగింపు - మాక్రో వినియోగం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్‌లోని శిక్షణాలయాలలోనూ పోటీ పరీక్షలకు చదివే విద్యార్థుల పుస్తకాలను గమనిస్తే, ముఖ్యమైన వాక్యానికి రంగు పూయడం మనిషికి ఎంత సహజమైన అలవాటో తెలుస్తుంది. ఈ అలవాటే కార్యాలయాలలోని ఎక్సెల్ పట్టికలకూ సంక్రమించింది. ఉపకారవేతనాల జాబితాలో ఒకే పేరు రెండుమార్లు కనిపిస్తే గుమాస్తా ఆ గడికి పసుపు రంగు వేస్తాడు. పిమ్మట ఆ పసుపు వరుసలను వెదకి తొలగించవలసి ఉంటుంది. వరుసలు పది అయితే చేతితో చేయవచ్చు. వేలకొద్దీ ఉన్నప్పుడు యంత్రానికే ఆ పని అప్పగించాలి.

మాక్రో అనగానేమి?

మనం ఒకసారి వ్రాసి ఉంచితే, కోరినప్పుడల్లా యంత్రం పాటించే ఆజ్ఞల వరుసయే మాక్రో. దీనిని వ్రాయడానికి తగిన విజువల్ బేసిక్ భాష 1993లో ఎక్సెల్‌లో చేరింది. 2007 నాటి ఎక్సెల్ నుండి మాక్రో లేకుండానే రంగును బట్టి వరుసలను వడకట్టి చూసే సౌకర్యం కూడా ఉన్నది. ఒక్కసారి చేసే పనికి అదే చాలును. ప్రతి నెలా చేయవలసిన పనికి మాక్రో మేలు.

యంత్రం రంగును ఎట్లా గుర్తిస్తుంది?

యంత్రానికి రంగు ఒక సంఖ్య మాత్రమే. ముదురు పసుపు 65535. మన కంటికి దానికి దగ్గరగా తోచే ఒక లేత పసుపు 10092543. ఇద్దరు గుమాస్తాలు రెండు పసుపులు వాడితే మాక్రో ఒకదానినే పట్టుకొని రెండవదానిని విడిచిపెడుతుంది. మరొక చిక్కు కూడా ఉన్నది. షరతును బట్టి ఎక్సెల్ తానే వేసిన రంగును ‘ఇంటీరియర్’ అనే గుణం చూడలేదు. దానికి 2010లో వచ్చిన ‘డిస్‌ప్లే ఫార్మాట్’ను ఉపయోగించాలి.

తొలగింపు క్రమం

మాక్రో చివరి వరుసతో మొదలుపెట్టి పైకి రావాలి. పైనుండి క్రిందికి పోతే ఏమవుతుంది? అయిదవ వరుసను తొలగించగానే ఆరవది అయిదవ స్థానానికి జరుగుతుంది. యంత్రం మాత్రం ఆరవ స్థానానికి సాగిపోతుంది. జరిగి వచ్చిన వరుస పరీక్షకు రాకుండానే తప్పించుకుంటుంది. క్రింది నుండి వస్తే ఈ దోషం ఉండదు.

వరుస వెనుక మనిషి

మాక్రో చేసిన తొలగింపును ‘అన్‌డూ’ మీట వెనుకకు తేలేదు. కాబట్టి ముందుగా జాబితాకు వేరొక ప్రతిని భద్రపరచాలి. మొదటి మాక్రో ఏ వరుసనూ తొలగించక, ప్రక్క గడిలో ‘తొలగించదగినది’ అని మాత్రమే వ్రాయాలి. ఆ వరుసలను లెక్కించి, సరిచూచిన తరువాతనే రెండవ మాక్రోను నడపాలి.

ఈ జాగ్రత్త అతిశయం కాదు. 2020 అక్టోబరులో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థలో పాత ఎక్సెల్ ఫైలు 65,536 వరుసలకు మించి ఇముడ్చుకోలేక పోయినందున 15,841 కరోనా కేసులు లెక్కలోనికి రాలేదు. వారితో మెలగినవారిని హెచ్చరించడం ఆలస్యమయింది. అక్కడ కారణం మాక్రో కాదు, రంగు కాదు. అయినా చడీచప్పుడు లేకుండా జారిపోయిన వరుసల వెనుక రోగులు ఉన్నారు. మన జాబితాలో పొరపాటున పోయే వరుస ఫీజుకై ఎదురుచూచే ఒక విద్యార్థి కావచ్చును.

‘జాబితా’, ‘రద్దు’, ‘దాఖలు’ అనే మాటలు ఉర్దూ కచేరీల నుండి తెలుగునకు వచ్చినవే. చేతివ్రాత లెక్కల పుస్తకంలో రద్దయిన పద్దుపై గీత గీసేవారు. గీత క్రింద అక్షరాలు కనిపిస్తూనే ఉండేవి. కంప్యూటర్ తొలగింపులో ఆ జాడ మిగలదు. రంగు సైతం అంతంతమాత్రమే: నారాయణగూడలోని ఏ జిరాక్స్ దుకాణంలోనైనా నలుపు తెలుపులలో ప్రతి తీయిస్తే పసుపు, ఆకుపచ్చ ఒకే బూడిద రంగుగా కనిపించవచ్చును. రంగులను వేరుపరచి చూడలేనివారు కూడా మనలో ఉన్నారు.

కాబట్టి రేపు కార్యాలయాలలో చేరబోయే విద్యార్థులు పట్టికలో ‘స్థితి’ అనే ఒక నిలువు వరుసను తప్పక ఏర్పరచుకోవాలి. ఏ పేరును, ఎవరు, ఏ తేదీన, ఏ కారణంగా తొలగించదలచారో అందులో వ్రాయాలి. మాక్రో ఆ అక్షరాలను చదివి పనిచేయాలి. తొలగించిన వరుసలను కూడా వేరొక పుటలో దాచిపెట్టాలి. అప్పుడు తన పేరు ఏమైనదని ఒక విద్యార్థి వచ్చి అడిగిననాడు కార్యాలయం సమాధానం చెప్పగలదు.